బిట్లు పెరిగితే బొమ్మ బాగుపడుతుందా?

కాఫీలో ఒక చెంచా పంచదార వేస్తే చేదు విరుగుతుంది. రెండో చెంచాతో రుచి కుదురుతుంది. అక్కడితో ఆగకుండా వేస్తూ పోతే? కొంతసేపటికి పంచదార కరగడం మానేసి గ్లాసు అడుగున పేరుకుంటుంది. డబ్బు ఖర్చయింది కాని ఆ పంచదార నాలుకదాకా రాలేదు.

ఇళ్ళలో చూసుకునే సినిమా డిస్కుల విషయంలో కూడా ఇలాంటి పంచదార ఒకటుంది. దాని పేరు బిట్ రేటు. "బిట్ రేటు ఎంత ఎక్కువైతే బొమ్మ అంత బాగుంటుంది" అన్న మాట మీరు వినే ఉంటారు. ఇది అబద్ధం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు. ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో లెక్కవేసి చూద్దాం. ఈ మాటను నమ్ముకుని ఒక పెద్ద సంస్థ ప్రత్యేకమైన డిస్కులే అమ్మింది. కనుక లెక్క చూడడానికి మంచి ఉదాహరణ కూడా మన చేతిలో ఉంది.

ఏమిటీ బిట్ రేటు?

ఒక్క సెకను బొమ్మను తెరమీద చూపడానికి ప్లేయరు డిస్కు నుంచి ఎన్ని బిట్లు చదువుకుంటుందో ఆ సంఖ్యే బిట్ రేటు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి డి.వి.డి.ని తీసుకోండి. ఒక్కో ఫ్రేములో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. మొత్తం 4,14,720. ప్రతి చుక్కకూ వెలుగును దాచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకసారి దాచుకుంటే, చుక్కకు సగటున 12 బిట్లు కావాలి. సెకనుకు 25 ఫ్రేములు. అన్నిటినీ గుణించండి. సెకనుకు సుమారు 124 మెగాబిట్లు వస్తాయి. ఈ లెక్కన 4.7 గిగాబైట్ల డిస్కు అయిదు నిమిషాలకే నిండిపోతుంది! రెండున్నర గంటల సినిమా కావాలంటే అలాంటి డిస్కులు ముప్ఫై కొనుక్కోవాలి.

అందుకే బొమ్మను కుదించాలి. డి.వి.డి. నిబంధనల ప్రకారం వీడియో బిట్ రేటు ఎంత పెరిగినా సెకనుకు 9.8 మెగాబిట్లు దాటకూడదు. మామూలు డి.వి.డి.లలో సగటున 5 మెగాబిట్లు ఉంటుందనుకుందాం. అంటే 124లో 5 మాత్రమే మిగిలింది. ఇరవై అయిదు పాళ్ళలో ఇరవై నాలుగు పాళ్ళు పారేశారన్నమాట. అయినా మనకు బొమ్మ చక్కగానే కనిపిస్తోంది. మరి పారేసిందేమిటి?

పారేసేది ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబులో మనవాళ్ళ పాత్ర ఉంది. బెంగుళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడిగా పనిచేసిన నాసిర్ అహ్మద్, ఆయనతోపాటు టి. నటరాజన్, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదువుకున్న కె.ఆర్. రావు (కామిశెట్టి రామమోహనరావు) కలిసి 1974 జనవరిలో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో చెప్పిన గణిత పద్ధతి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. వి.సి.డి., డి.వి.డి. రెండూ దానిమీదే ఆధారపడ్డాయి. బ్లూ-రేలో వాడే పద్ధతులు కూడా దాని వారసులే.

పద్ధతి ఇలా పనిచేస్తుంది. బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న చిన్న గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడిలోని 64 చుక్కల విలువలను మరో 64 సంఖ్యలుగా మారుస్తారు. వీటిలో మొదటి సంఖ్య ఆ గడి సగటు వెలుగును చెబుతుంది. తరువాతి సంఖ్యలు క్రమంగా సన్నని, మరింత సన్నని మార్పులను చెబుతాయి. ఇంతవరకు పారేసింది ఏమీ లేదు. అసలు కోత తరువాతి మెట్టులో ఉంది. సన్నని మార్పులను చెప్పే సంఖ్యలను పెద్ద అంకెలతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తారు. చాలావరకు అవి సున్నాలైపోతాయి. సున్నాలను రాసుకోవడానికి చోటు పెద్దగా అక్కర్లేదు కదా! మన కన్ను కూడా సన్నని మార్పులను అంత పట్టించుకోదు.

రెండో కిటుకు కాలానికి సంబంధించింది. వార్తలు చదివే మనిషి వెనక గోడ ప్రతి ఫ్రేములోనూ ఒకటే. దాన్ని సెకనుకు 25 సార్లు రాయడం దేనికి? డి.వి.డి.లో సుమారు అర సెకనుకొకసారి పూర్తి బొమ్మ రాసి, మధ్యలో మారిన భాగాలను మాత్రమే రాస్తారు.

బిట్లు చాలకపోతే ఏం జరుగుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. భాగించే అంకెను ఇంకా పెంచాలి. అప్పుడు ఒక్కో గడిలో సగటు వెలుగు తప్ప మరేమీ మిగలదు. బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. అక్షరాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు కదులుతాయి. (ఇంజనీర్లు కూడా ఈ లోపాన్ని దోమల పేరుతోనే పిలుస్తారు.) వాన, జలపాతం, పొగ, మంట, పాటలో గాలికెగిరే పూలరేకులు ఉన్న చోట ఈ తిప్పలు మరీ ఎక్కువ. ఆ దృశ్యాల్లో ప్రతి ఫ్రేమూ కొత్తదే కనుక పాత ఫ్రేము నుంచి అరువు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

మూడు డిస్కులు, ఒకే నిష్పత్తి

ఇక్కడొక తమాషా లెక్క చూడండి. వి.సి.డి.లో ఫ్రేముకు 352 x 288 చుక్కలు. కుదించకపోతే సెకనుకు 30.4 మెగాబిట్లు కావాలి. నిజంగా ఇచ్చింది 1.15 మెగాబిట్లు. అంటే 26 రెట్ల కుదింపు. డి.వి.డి.లో 124ను 5కు కుదించాం. 25 రెట్లు. బ్లూ-రేలో 1920 x 1080 చుక్కలు, సెకనుకు 24 ఫ్రేములు. కుదించకపోతే 597 మెగాబిట్లు. సగటు బిట్ రేటు 25 అనుకుంటే 24 రెట్లు.

వి.సి.డి.కీ డి.వి.డి.కీ తేడా ఎంతో మనందరికీ తెలుసు. వెనక వరసలో ఉన్నవాళ్ళ ముఖాలు వి.సి.డి.లో మైనపు ముద్దల్లా కనిపించేవి. కాని చుక్కకు ఇన్ని బిట్లని చూస్తే రెండూ దాదాపు సమానమే! తేడా తెచ్చింది చుక్కల సంఖ్య. "డి.వి.డి.కి బిట్ రేటు నాలుగు రెట్లు, అందుకే బాగుంది" అని ఎవరైనా అంటే, ఆ బిట్లు చుక్కల సంఖ్యతోపాటు పెరిగాయని మీరు గుర్తుచేయాలి.

ఇంకో మాట. వి.సి.డి., డి.వి.డి.ల కుదింపు పద్ధతులు దగ్గరి బంధువులు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి అలా కాదు. డి.వి.డి.లో వాడిన ఎంపెగ్-2తో పోలిస్తే సుమారు సగం బిట్లతోనే అది అంతే నాణ్యమైన బొమ్మనిస్తుంది. కనుక ఏ పద్ధతో చెప్పకుండా బిట్ రేటు ఒక్కటే చెప్పడమంటే, ఏ వాహనమో చెప్పకుండా ఎన్ని లీటర్ల పెట్రోలు పోశామో చెప్పడం లాంటిది. ఎంత దూరం వెళతామో దాన్నిబట్టి తెలియదు.

సూపర్‌బిట్ చెప్పిన మాట

ఇక అసలు ఉదాహరణకు వద్దాం. 2001లో సోనీకి చెందిన కొలంబియా ట్రైస్టార్ సంస్థ అమెరికాలో 'సూపర్‌బిట్' పేరుతో డి.వి.డి.లు విడుదల చేసింది. 'ది ఫిఫ్త్ ఎలిమెంట్', 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్', 'ఎయిర్‌ఫోర్స్ వన్' మొదటి జట్టులోవి. ఆలోచన సులువైనదే. మామూలు డిస్కుల్లో ఇచ్చే ఇంటర్వ్యూలు, తెరవెనుక కథలు తీసేయాలి. అలా మిగిలిన చోటంతా సినిమాకే ఇవ్వాలి.

లెక్క చూద్దాం. రెండు పొరల డి.వి.డి.లో 8.5 గిగాబైట్లు, అంటే సుమారు 68 గిగాబిట్లు పడతాయి. 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' నిడివి 126 నిమిషాలు, 7,560 సెకన్లు. భాగిస్తే సెకనుకు 9 మెగాబిట్లు. కాని ఈ డిస్కుల్లో డాల్బీ డిజిటల్‌తోపాటు డి.టి.ఎస్. ధ్వనిని కూడా ఇచ్చారు. డాల్బీకి 0.4, డి.టి.ఎస్.కు కనీసం 0.75 మెగాబిట్లు తీసేస్తే బొమ్మకు మిగిలేది 8కి లోపే. బొమ్మ కోసం ఇంటర్వ్యూలను బయటికి పంపి, ఖాళీ అయిన చోటులో కొంత ధ్వనికి అద్దెకిచ్చారన్నమాట! సగటున మామూలు డిస్కు 5 అనుకుంటే, లాభం ఒకటిన్నర నుంచి మూడు మెగాబిట్లలోపే.

ఈ లాభం కనిపించిందా? పక్కపక్కన పెట్టి పోల్చిన చాలామంది సమీక్షకులు తేడా ఉందన్నారు, కాని అది చిన్నదన్నారు. పెద్ద తెరమీద, కదలిక ఎక్కువున్న దృశ్యాల్లో తెలుస్తుందన్నారు. మామూలు టి.వి.లో రెండు డిస్కులనూ గుర్తుపట్టడం కష్టం. 2007 నాటికి సూపర్‌బిట్ వరుస ఆగిపోయింది.

కంటికి ఎంత కనిపిస్తుంది?

సమీక్షకుల మాట అలా ఉంచండి. మన కన్ను ఏమంటుందో అడుగుదాం. ఆరోగ్యమైన కన్ను సుమారు ఒక కోణీయ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తేడాతో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూడగలదు. మూడు మీటర్ల దూరాన ఇది 0.87 మిల్లీమీటర్లు.

32 అంగుళాల వెడల్పాటి టి.వి. తెర అడ్డంగా సుమారు 71 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో డి.వి.డి.లోని 720 చుక్కలు పరిస్తే చుక్క వెడల్పు 0.98 మిల్లీమీటర్లు. అంటే దాదాపు కంటి హద్దు దగ్గరే ఉన్నాం. అదనపు బిట్లు ఏం చేస్తాయి? ఒకటి రెండు చుక్కల స్థాయిలో ఉండే సన్నని మార్పులను కాపాడతాయి. మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మీకు అవి కనబడీ కనబడనట్టుంటాయి.

బిట్లు బాగా తగ్గినప్పుడు ఏమవుతుందో కూడా ఇదే లెక్క చెబుతుంది. అప్పుడు కనిపించేది చుక్క కాదు, 8 చుక్కల గడి. దాని వెడల్పు దాదాపు 8 మిల్లీమీటర్లు, కంటి హద్దుకు తొమ్మిది రెట్లు! అందుకే తక్కువ బిట్ల నష్టం ఎవరికైనా కనిపిస్తుంది, ఎక్కువ బిట్ల లాభం కొందరికే కనిపిస్తుంది. బిట్ రేటు దాటవలసిన గడపే కాని, ఎక్కుతూ పోవలసిన నిచ్చెన కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 100 అంగుళాల తెరమీద ప్రొజెక్టరుతో చూస్తే తెర వెడల్పు 221 సెంటీమీటర్లు. అదే దూరం నుంచి డి.వి.డి. చుక్క 3 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కడ సూపర్‌బిట్ కొన్నవాళ్ళు మోసపోలేదు. వాళ్ళు చూసింది నిజమే. దాన్ని చిన్న టి.వి. ఉన్న ఇంటికి కూడా అన్వయించడమే పొరపాటు.

బావిలో ఉంటేనే బొక్కెనలోకి

సూపర్‌బిట్‌గా వచ్చిన 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' సినిమానే 2006 జూన్‌లో బ్లూ-రేగా విడుదల చేశారు. బ్లూ-రే అప్పుడే పుట్టింది. చుక్కలు ఎక్కువ, బిట్లు ఎక్కువ. మరి చూసినవాళ్ళు మెచ్చుకున్నారా? లేదు. దుమ్ము, మచ్చలు కనిపిస్తున్నాయని ఫిర్యాదు చేశారు. లోపం బిట్లది కాదు, డిస్కుకు ఆధారంగా తీసుకున్న మాస్టరుది. బిట్లు ఎక్కువుండడం వల్ల దుమ్ము కూడా శ్రద్ధగా నమోదైంది! 2007లో సంస్థ బొమ్మను మళ్ళీ సిద్ధం చేసి కొత్త డిస్కు తెచ్చింది. పాతది కొన్నవారికి మార్చి ఇచ్చే ఏర్పాటు కూడా చేసింది.

దీనికి తలకిందులైన కథ 'గ్లాడియేటర్'ది. 2009లో వచ్చిన దాని బ్లూ-రేలో మచ్చలు చెరిపే ప్రక్రియను అతిగా వాడారు. మొదటి యుద్ధ దృశ్యంలో గాలిలో దూసుకుపోయే నిప్పుబాణాలు కొన్ని ఫ్రేముల్లో మాయమయ్యాయి! ఒక ఫ్రేములో కనిపించి తరువాతి ఫ్రేములో అక్కడ లేకుండాపోయే ప్రతిదీ ఆ యంత్రానికి మచ్చగానే తోచింది మరి. 2010లో సినిమాను మళ్ళీ విడుదల చేయవలసి వచ్చింది. చెరిగిపోయిన బాణాన్ని ఎన్ని మెగాబిట్లు తిరిగి తేగలవు?

బావిలో ఉంటేనే బొక్కెనలోకి వస్తుందని మన పెద్దలన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. బిట్ రేటు బొక్కెన మాత్రమే. బావి సినిమా నెగెటివ్, దాన్ని స్కాన్ చేసిన తీరు.

ఈ మాటకు సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం కంటే గొప్ప సాక్ష్యం లేదు. 1993లో లండన్‌లోని ఒక ఫిల్ము లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో 'పథేర్ పాంచాలి', 'అపరాజితో', 'అపూర్ సంసార్' అసలు నెగెటివ్‌లు కాలిపోయాయి. ఆ కాలిన ముక్కలను అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ భద్రపరిచింది. తరువాత క్రైటీరియన్ సంస్థతో కలిసి, ఇటలీలోని బొలోన్యా నగరంలో నిపుణులతో వాటిని బాగుచేయించింది. పెళుసెక్కి వంకర తిరిగిన ఫిల్మును మెత్తబరిచి, చిరుగులను చేత్తో అతికించి, పనికివచ్చిన ప్రతి ఫ్రేమునూ స్కాన్ చేశారు. పనికిరాని చోట్ల ఇతర ప్రతులు వాడారు. 2015లో ఆ చిత్రాలు మళ్ళీ తెరమీదికి వచ్చాయి, బ్లూ-రేలుగా కూడా వెలువడ్డాయి. దుర్గ ముఖంమీద వాన చినుకులు ఇవాళ మనకు కనిపిస్తున్నాయంటే దానికి కారణం బిట్లు కావు, ఆ చేతులు.

మన డిస్కుల సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తెలుగు సినిమా అంటే రెండుంముప్పావు గంటలనుకోండి. 9,900 సెకన్లు. ఒక్క పొర డి.వి.డి.లో దానికి సెకనుకు 3.8 మెగాబిట్లు వస్తాయి. ధ్వనికి తీసేస్తే 3.4. ఫరవాలేదు, జాగ్రత్తగా కుదిస్తే చక్కగానే ఉంటుంది. 'మూడు సినిమాలు ఒకే డిస్కులో' అన్న అట్టపెట్టెలు ఒకప్పుడు బజారులో విరివిగా కనిపించేవి, గుర్తుందా? లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. అదే డిస్కును మూడుతో భాగించండి. మిగిలేది 1.27 మెగాబిట్లు. ధ్వని పోగా వి.సి.డి. బిట్ రేటుకన్నా తక్కువ. డి.వి.డి.కి ఉండవలసిన చుక్కలన్నీ అలాగే ఉంచితే, వి.సి.డి. కూటిని నాలుగింతల మందికి వడ్డించినట్టే. ఇక్కడ బిట్లు పెంచితే బొమ్మ బాగుపడుతుందనడంలో సందేహమే లేదు.

కాని పాత చిత్రాల డిస్కుల్లో అసలు బాధ మరొకటి. ఊళ్ళు తిరిగి అరిగిన ప్రింటునే మాస్టరుగా వాడినప్పుడు నిలువు గీతలు, వెలిసిన రంగులు, తల తెగిన ఫ్రేములు కనిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ బిట్ రేటుతో నయం కాదు. పైగా అరిగిన ప్రింటులోని గీతలు, చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంటాయి. కుదించే యంత్రం వాటిని కూడా కొత్త దృశ్యంగానే భావించి బిట్లన్నీ వాటికే పోస్తుంది. ప్రింటును శుభ్రం చేస్తే అదే బిట్ రేటులో నటీనటుల ముఖాలకు ఎక్కువ బిట్లు దక్కుతాయి. మంచి సినిమా తరువాతి తరానికి అందాలంటే ముందు నెగెటివ్‌ను చల్లని, పొడి గదిలో భద్రపరచాలి. డిస్కు పెట్టెమీద అంకెలు పెంచడం ఆ తరువాతి పని.

మీరే పరీక్షించండి

నా మాట కూడా నమ్మకండి. పరీక్షించి చూడండి. గాలికి ఊగే చెట్టునో, కుళాయి కింద చిందే నీటినో ఫోనుతో ఒక నిమిషంపాటు చిత్రించండి. పక్కనే ఒక స్నేహితుడి ముఖాన్ని కూడా తీయండి. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత ప్రోగ్రాముతో డి.వి.డి. పరిమాణానికి తగ్గించి, ఎంపెగ్-2 పద్ధతిలో సెకనుకు 1.5, 3, 5, 8 మెగాబిట్ల చొప్పున నాలుగు ప్రతులు చేయండి.

ఇప్పుడు 5, 8 ప్రతులను తీసుకోండి. ఒక మిత్రుడు నాణెం ఎగరవేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి చూపాలి. ఏది చూపాడో కాగితంమీద రాసుకోవాలి కాని మీకు చెప్పకూడదు. మీరు మూడు మీటర్ల దూరం నుంచి చూసి ఏదో చెప్పాలి. పదిసార్లు చేయండి. ఊరికే ఊహించి చెప్పినా అయిదు సరిపోతాయి కనుక ఆరో ఏడో వచ్చాయని మురిసిపోకండి. పదిలో తొమ్మిదికి తగ్గకుండా సరిగ్గా చెబితే, అది అదృష్టంవల్ల జరిగే అవకాశం 1,024లో 11 మాత్రమే. అప్పుడు మీకు తేడా నిజంగా కనిపిస్తోందని ఒప్పుకోవచ్చు. తరువాత 1.5, 5 ప్రతులతో ఇదే పరీక్ష చేయండి. ఆపైన తెరకు ఒక మీటరు దూరానికి జరిగి మళ్ళీ చేయండి. ముఖానికీ నీటికీ ఫలితాలు వేరుగా వస్తాయేమో విడివిడిగా రాసుకోండి.

నేడు చాలా ఇళ్ళలో డిస్కు ప్లేయరు అటకెక్కింది. సినిమాలు ఇంటర్నెట్ మీదుగా వస్తున్నాయి. కాని ప్రశ్న పాతబడలేదు. 2015లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ అన్ని సినిమాలకూ ఒకే బిట్ రేటు ఇవ్వడం మాని, ఏ సినిమాకు ఎంత అవసరమో కొలిచి అంతే ఇవ్వడం మొదలుపెట్టింది. సాదా కార్టూనుకు తక్కువ, వాన కురిసే పోరాటానికి ఎక్కువ. సూపర్‌బిట్ అడిగిన ప్రశ్న "ఎన్ని ఎక్కువ ఇవ్వగలం?" అన్నది. అడగవలసింది "ఎన్ని చాలు?" అని.

రేపు మరో పెట్టెమీద మరో పెద్ద అంకె కనిపిస్తుంది. మెగాబిట్లు కాకపోతే మెగాపిక్సెళ్ళు, అవీ కాకపోతే ఇంకేవో. అప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. దేన్ని కొలిచారు? దేనితో పోల్చారు? తేడాను కళ్ళు మూయించి పరీక్షించారా, లేక అంకె చూపించి ఒప్పించారా? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా డబ్బు జేబులోనే ఉండనివ్వండి.